కెమెరా తెరకు టెంపర్డ్ గ్లాస్ మేలా, పల్చటి ఫిల్మ్ మేలా?

ప్రశ్న: కొత్తగా కొన్న మిర్రర్‌లెస్ కెమెరాకు పక్కకు తెరుచుకుని తిరిగే 3 అంగుళాల టచ్ తెర ఉంది. మెడలో వేలాడుతున్నప్పుడు చొక్కా గుండీ రాసుకుని పాత కెమెరా తెర మీద నిలువునా గీత పడింది కాబట్టి, ఈసారి ముందే జాగ్రత్త పడదలచాను. గాజు వేయించాలా, ఫిల్మ్ సరిపోతుందా?

సమాధానం 1: గీతల నుంచి కాపాడటానికి గాజే మేలు. అయితే పెట్టె మీద రాసే 9హెచ్ అనేది పెన్సిల్‌తో గీసి చూసే పరీక్షకు చెందిన కొలతే తప్ప, ఇసుక రేణువులను తట్టుకుంటుందన్న హామీ కాదు.

సమాధానం 2: మీది తిరిగే తెర కనుక మందం తప్పక చూడండి. సుమారు 0.3 మిల్లీమీటర్ల గాజు అంటించాక, తెరను లోపలివైపు తిప్పి మూసినప్పుడు అది పూర్తిగా మూసుకోకపోతే బలవంతంగా నొక్కకండి, కీలు దెబ్బతింటుంది. అలాంటప్పుడు ఫిల్మే నయం. మ్యాట్ రకం మాత్రం వద్దంటాను: ఎండలో మెరుపును తగ్గించినా, ఫోకస్ సరిచూసుకోవడానికి ఫొటోను పెద్దది చేసినప్పుడు దాని గరుకు వల్ల కనురెప్పల వెంట్రుకల వంటి సన్నని వివరాలు మసకబారుతాయి.

సమాధానం 3: ఏది కొన్నా మీ మోడల్‌ కొలతకు కోసినదే తీసుకోండి. అంటించే ముందు బ్లోయర్‌తో ధూళిని పోగొట్టండి. ఒక్క నలుసు మిగిలినా దాని చుట్టూ గాలి బుడగ నిలిచిపోతుంది.