పాత డీజిల్ పికప్‌లో ఆయిల్, కూలెంట్ కారుతున్నాయి: మూలం కనిపెట్టేదెలా?

ప్రశ్న: సెమిలిగుడ కూరగాయల బండి

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సెమిలిగుడ. కుందులి సంతలో కూరగాయలు, అల్లం ఎక్కించుకొని పొట్టంగి, సుంకి మీదుగా ఘాట్ దిగి సాలూరు వైపు తోలే పాత డీజిల్ పికప్ ఒకటి నడుపుతున్నాను. కామన్ రైల్ (కంప్యూటరు నియంత్రించే కొత్త రకం డీజిల్ ఇంజెక్షన్) రాకముందు నాటి బండి కాబట్టి పాత పద్ధతి ఇంజెక్షన్ పంపే ఉంది. పవర్ స్టీరింగ్ ఉంది.

రాత్రి నిలిపిన చోట పొద్దున చూస్తే నేల మీద రెండు మరకలు కనబడుతున్నాయి. ఒకటి ఇంజనుకూ గేర్ బాక్సుకూ నడుమ, బెల్ హౌసింగ్ అడుగున నల్లగా పడుతోంది. రెండోది ముందువైపు, రేడియేటరుకు కాస్త వెనకగా, పలచగా ఉంటుంది. ఈ రెండోది చలి బాగా ఉన్న తెల్లవారుజామునే కనబడుతుంది; మధ్యాహ్నం ఎంతసేపు నిలిపినా పడదు. బండి కింద పడుకొని చూద్దామంటే, ఇక్కడి ఎర్రదుమ్ము ఆయిల్‌తో కలిసి ఇంజను అడుగంతా ముద్ద కట్టి ఉంది.

వర్క్‌షాపులో చూపిస్తే క్రాంకు (ఇంజను ప్రధాన ఇరుసు) వెనక ఆయిల్ సీలు పోయిందని, గేర్ బాక్స్ దించక తప్పదని అన్నారు. కూరగాయల సీజన్‌లో బండి ఆగిపోతే నాతో పాటు నా బండిని నమ్ముకున్న రైతులకూ ఇబ్బంది. దించేలోపు, తప్పు నిజంగా ఆ సీలుదేనని మనంతట మనం రూఢి చేసుకునే పద్ధతి ఏదైనా ఉంటే అనుభవం ఉన్న పెద్దలు చెప్పగలరు.

జవాబు: పార్వతీపురం పాత మెకానిక్

బాబూ, గేర్ బాక్స్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. చుక్క పడిన చోటు వేరు, ఆయిల్ బయటికి వచ్చిన చోటు వేరు. ఆయిల్ కిందికి జారుతుంది, బండి నడుస్తున్నప్పుడు ఫ్యాను గాలికీ ఎదురుగాలికీ వెనక్కి కొట్టుకుపోతుంది. అందుకని ఇంజను మీద ఎక్కడ కారినా చివరికి వచ్చి చేరేది బెల్ హౌసింగ్ అడుగుకే. ట్యాపెట్ కవరు (ఇంజను పై మూత) ప్యాకింగు వెనక మూలన గట్టిపడినా, ఆయిల్ ఫిల్టరు కూర్చునే చోట రబ్బరు రింగు నలిగినా, ఆయిల్ ప్రెషర్ స్విచ్ చెమర్చినా, కొన్ని బండ్లలో ఆల్టర్నేటరు వెనక ఉండి బ్రేకుకు సాయపడే వాక్యూమ్ పంపుకు ఆయిల్ తీసుకువెళ్లే పైపు వదులైనా, కింద నుంచి చూసేవారికి అది క్రాంకు సీలు పోయినట్టే కనబడుతుంది. తడిసిన భాగం మొత్తంలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న తడి ఎక్కడుందో కనిపెట్టాలి. మనకు కావలసిన చోటు అదే.

ముందుగా పడుతున్నది ఏ ద్రవమో తేల్చుకోండి. రాత్రి బండి కింద తెల్ల అట్ట పరిచి, టైర్ల స్థానం సుద్దతో గుర్తుపెట్టుకుంటే మరక ఏ భాగం కింద పడిందో ఖాయంగా తెలుస్తుంది. ఇంజను ఆయిల్ డీజిల్ బండిలో మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. గేర్ ఆయిల్ చిక్కగా ఉండి గంధకం వాసన ఘాటుగా కొడుతుంది కాబట్టి, బెల్ హౌసింగ్ కింద పడిన చుక్కను వాసన చూస్తే అది ఇంజనుదో గేర్ బాక్స్ ముందు సీలుదో సగం తేలిపోతుంది. పవర్ స్టీరింగ్ ఆయిల్ చాలా బండ్లలో ఎర్రగా ఉంటుంది. కూలెంట్‌ను (ఇంజనును చల్లబరిచే రేడియేటరు ద్రవాన్ని) మాత్రం రుచి చూసి గుర్తుపట్టే అలవాటు ఎవరికైనా ఉంటే మానుకోవాలి, అది విషం.

తరువాత ఇంజనును శుభ్రం చేయాలి. ఇది చేయకుండా లీకు వెతకడం వృథా ప్రయాస. ఇంజను పూర్తిగా చల్లారాక ఆల్టర్నేటరుకూ, స్టార్టరుకూ, ఎయిర్ ఫిల్టరు నోటికీ పాలిథిన్ చుట్టి, కిరసనాయిలు బ్రష్షుతో పట్టించి, ముద్దను గీకి, ఆ పైన షాంపూ నీళ్లతో కడగండి. వేడి మీద ఉన్న ఇంజెక్షన్ పంపు మీద చన్నీళ్లు పోయకూడదు. లోపలి భాగాల మధ్య సందు ఎంతో సన్నంగా ఉంటుంది, పై భాగం ఒక్కసారిగా ముడుచుకుంటే పంపు పట్టేసే ప్రమాదం ఉంది.

బాగా ఆరాక, అనుమానం ఉన్న చోట్ల ముఖానికి రాసుకునే మామూలు పౌడరు పలచగా చల్లండి. ఇంజనును వేడెక్కేదాకా నడిపి, కాస్త రేజ్ చేసి ఆపేసి, టార్చి, చిన్న అద్దం పట్టుకొని చూడండి. ఆయిల్ వచ్చిన చోట పౌడరు మీద ముదురు గీత పడుతుంది. ఆ గీత పై కొస దగ్గరే తప్పు ఉంటుంది. నిలిపి చూసినప్పుడు ఏమీ కనబడకపోతే మళ్లీ పౌడరు చల్లి, లోడుతో ఒకసారి ఘాట్ ఎక్కి వచ్చి చూడండి. కొన్ని లీకులు ఇంజను మీద బరువు పడితేనే బయటపడతాయి.

ఏ సీలునూ తప్పుపట్టే ముందు బ్రీదర్ పైపును విప్పి చూడటం తప్పనిసరి. పిస్టన్ల పక్కనుంచి జారే వాయువు బయటికి పోయే దారి అది. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, మంచి సీళ్లనుంచి కూడా ఆయిల్ నెట్టుకొస్తుంది. ఇంజను ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తిప్పి వదులుగా పెట్టండి. కొద్దిపాటి ఆవిరి సహజమే. మూత ఎగిరెగిరి పడుతూ పొగ గుప్పుగుప్పుమని కొడితే బ్రీదరు అడ్డుపడిందో, పిస్టన్ రింగులు అరిగాయో చూడాలి. అది సరిచేయకుండా కొత్త సీలు వేసినా మళ్లీ కారుతుంది.

ఇక మీ ముందు మరక. చలికే వచ్చి ఎండకు ఆగిపోయేది దాదాపు ఎప్పుడూ కూలెంటే. పాతబడిన హోస్ పైపు రబ్బరు గట్టిపడి, చలికి ముడుచుకొని క్లాంపు దగ్గర సందు వదులుతుంది. వేడెక్కాక ఉబ్బి మళ్లీ మూసుకుంటుంది. పైపు కొసల దగ్గర ఎండిన తెల్లటి, పచ్చటి పొర కోసం చూడండి. వాటర్ పంపు అడుగున చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. దానిలోంచి తడి వస్తుంటే లోపలి సీలు అరిగిందని అర్థం. కొందరు ఆ రంధ్రాన్ని ఎంసీల్ అనే అతుకు ముద్దతో మూసేస్తారు, అలా మూస్తే నీరు బేరింగులోకి పోతుంది. రేడియేటరు మూత కూడా పరీక్షించండి. మీరుండే ఎత్తు దాదాపు 900 మీటర్లు, అక్కడ నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మూత ఒత్తిడి నిలపకపోతే ఘాట్ ఎక్కేటప్పుడు కూలెంటు పొంగిపోతుంది. ఇంజను వేడి మీద ఉండగా ఆ మూతను మాత్రం తిప్పకండి.

జవాబు: జయపురం డ్రైవరు

మెకానిక్‌గారు చెప్పినదానికి నేను రెండు విషయాలు కలుపుతాను. డీజిల్ లీకు వెతికేటప్పుడు ఇంజను నడుస్తుండగా పంపుకూ ఇంజెక్టరుకూ మధ్య పైపుల మీద చెయ్యి పెట్టి తడమకండి. కంటికి కనబడని సన్నని ధార కూడా చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనబడినా లోపల కండరం దెబ్బతింటుంది, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. ట్యాంకుకూ, దాని నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపుకూ నడుమ లీకైతే బయటికి చుక్క పడకపోవచ్చు, ఎందుకంటే ఆ భాగం నడుస్తున్నప్పుడు గాలిని లోపలికి పీలుస్తుంది. పొద్దున స్టార్టు కావడానికి బండి మొరాయిస్తుంటే ఆ దారిలో కొంచెం పారదర్శక పైపు వేసి బుడగలు వస్తున్నాయేమో చూడండి.

రెండోది బ్రేకు. సుంకి ఘాట్‌లో బరువుతో దిగే బండికి ఆయిల్ లీకు కన్నా ఇదే ఎక్కువ ప్రమాదం. చక్రం దగ్గర బ్రేకును నొక్కే వీల్ సిలిండరు కారితే ద్రవం డ్రమ్ము లోపలే ఉండిపోయి నేల మీద కనబడదు. బ్రేకు ద్రవం డబ్బాలో మట్టం తగ్గడమే ముఖ్యమైన గుర్తు. వెనక యాక్సిల్ హౌసింగ్ బ్రీదరు మట్టితో పూడుకుపోతే గేర్ ఆయిల్ యాక్సిల్ సీలు దాటి బ్రేకు లైనర్ల మీదికి వస్తుంది కాబట్టి, వెనక చక్రాల లోపలి వైపు తడి ఉంటే డ్రమ్ము విప్పించి చూడాల్సిందే. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 3 రకం బ్రేకు ద్రవం కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదని ప్రమాణం, తేమ చేరిన దానికి ఆ హద్దు 140 డిగ్రీలే. పాత ద్రవంతో ఘాట్ దిగడం మంచిది కాదు.

మళ్లీ: సెమిలిగుడ కూరగాయల బండి

పెద్దలిద్దరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే కడిగి, పౌడరు చల్లి, లోడుతో ఘాట్ ఎక్కి చూశాను. ట్యాపెట్ కవరు వెనక మూల నుంచి గీత మొదలై, ఇంజను వెనక గోడ వెంబడి బెల్ హౌసింగ్ మీదికి దిగింది. బ్రీదరు పైపులో నల్లటి మడ్డి గట్టిగా పేరుకొని ఉంది. వెనక చక్రాలు పొడిగానే ఉన్నాయి. ముందు లీకు రేడియేటరు కింది హోసు క్లాంపు దగ్గర దొరికింది. లీకులు ఆపే మందు ఒక సీసా పోస్తే ప్యాకింగు మార్చకుండానే సరిపోతుందని ఒకరు అంటున్నారు. అది వాడవచ్చా?

జవాబు: పార్వతీపురం పాత మెకానిక్

సీసాలు పోయవద్దు. అలాంటి మందు రబ్బరును ఉబ్బించి కొన్నాళ్లు ఆపవచ్చేమో గాని, గట్టిపడి పగిలిన ప్యాకింగును అతికించలేదు. ముందు బ్రీదరు పైపును కిరసనాయిలుతో కడిగి, గాలి కొట్టించి, ఆరబెట్టి బిగించండి. కవరు విప్పాక పాత ప్యాకింగు ముక్కలు లోపల పడకుండా గుడ్డ అడ్డుపెట్టి గీకండి, అంచు వంగిందేమో చదునైన అద్దం మీద పెట్టి చూడండి, వంగి ఉంటే సరిచేయించండి. ప్యాకింగుకు రెండు వైపులా సిలికాన్ దట్టంగా పూస్తే అంచుల్లోంచి పిండుకొచ్చిన ముక్కలు రాలి, ఇంజను అడుగున ఉండే ఆయిల్ చాంబర్‌లోని స్ట్రెయినరుకు (జల్లెడకు) అడ్డుపడతాయి. కంపెనీ చెప్పిన మూలల్లో తప్ప పూయకండి. నట్లను నడుమ నుంచి అంచులకు, కొంచెం కొంచెంగా సమానంగా బిగించండి. ఎక్కువ బిగిస్తే కవరు వంగి మళ్లీ అదే మూల నుంచి కారుతుంది.

హోసు చివర గట్టిపడి ఉంటే క్లాంపు ఒక్కటి మార్చి ఊరుకోకుండా హోసు కూడా మార్చండి. ఈ రెండు పనులూ అయ్యాక బెల్ హౌసింగ్ తుడిచి బండి నడపండి. అప్పటికీ అక్కడ కొత్త చుక్క వస్తే, అది కూడా నల్లటి ఇంజను ఆయిలే అయితే, అప్పుడు గేర్ బాక్స్ దించే మాట ఆలోచిద్దాం. దించితే మాత్రం క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, గేర్ బాక్స్ ముందు సీలు కూడా అదే చేత్తో చూసుకోండి.