రెట్టింపు సేపు ఆగి రిప్లై ఇవ్వాలట: డేటింగ్ కోచ్‌ల సలహాలు పాటించి బాగుపడ్డవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

పుల్లట్టు (చర్చ మొదలుపెట్టినవారు)
మా రూమ్మేట్ ఆన్‌లైన్‌లో ఒక డేటింగ్ కోచ్ దగ్గర కోర్సు కొన్నాడు. 4,999 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. మొత్తం 5,898 రూపాయల 82 పైసలు. రోజూ రాత్రి అన్నాల దగ్గర నోట్స్ పైకి చదువుతాడు, మేం పెరుగన్నం కలుపుకుంటూ వింటాం.

అందులో ఒక సూత్రం. అమ్మాయి జవాబివ్వడానికి ఎంతసేపు తీసుకుందో చూసి, దానికి రెట్టింపు సేపు ఆగి మనం రిప్లై ఇవ్వాలట. అప్పుడే మనకి విలువ ఉంటుందట. సరే, ఆ అమ్మాయి కూడా ఇదే కోర్సు కొంటే? కూర్చుని లెక్క వేశాను. మొదటి జవాబు 40 నిమిషాలకి వస్తే, రెండోది 80కి, మూడోది 160కి. ఏడో మెసేజ్‌కి 2,560 నిమిషాలు, అంటే దాదాపు రెండు రోజులు. పదిహేనో మెసేజ్‌కి 455 రోజులు. "తిన్నావా" అని అడిగినవాడికి "తిన్నా" అని వచ్చేసరికి ఆమెకి వేరే పెళ్ళయి, పాప బారసాల కూడా అయిపోతుంది.

ఇంకోటి నెగ్గింగ్. పొగిడినట్టే ఉండాలి, లోపల చిన్న పోటు ఉండాలి. అవతలివాళ్ళకి నమ్మకం సడలి మన మెప్పు కోసం చూస్తారట. మావాడు ప్రాక్టీస్ అని చెప్పి ఇంటి ఓనర్ ఆంటీతో మొదలుపెట్టాడు. "ఆంటీ, ఈ చీర మీ వయసుకి బాగానే ఉంది" అన్నాడు. మర్నాటి నుంచి మా ఫ్లోర్‌కి మంజీరా నీళ్ళు రావడం లేదు.

మీకు తెలిసినవి కూడా రాయండి. నీళ్ళు లేవు, కనీసం నవ్వుకుంటాం.

నిమ్మసోడా
ఆ 82 పైసలకి రసీదు ఇచ్చారా?

ఒంటరి_ధ్రువుడు
నవ్వడం తేలికే. నేనూ ఇలాంటి కోర్సే చేశాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. జిమ్‌కి ట్రైనర్ కావాలి, కారుకి డ్రైవింగ్ స్కూల్ కావాలి, ఇంటర్వ్యూకి మాక్ ఇంటర్వ్యూ కావాలి. జీవితాంతం కలిసి ఉండాల్సిన మనిషితో ఎలా మాట్లాడాలో మాత్రం పుట్టుకతో వచ్చేయాలా?

రెట్టింపు సేపు ఆగడాన్ని అక్షరాలా తీసుకుంటే ఎవరికైనా నవ్వే వస్తుంది. దాని సారం ఏంటంటే, అతిగా అందుబాటులో ఉండొద్దు. మగాడు ఆల్ఫాలా ఉండాలి. తోడేళ్ళ గుంపులో ఒకటే ఆల్ఫా, మిగతావన్నీ దాని వెనకే నడుస్తాయి. ఇది కోచ్ కనిపెట్టింది కాదు, సైన్స్.

నల్లమల
ధ్రువుడు గారూ, మిగతా విషయం నాకు తెలియదు కానీ తోడేళ్ళ జోలికి రాకండి.

ఆల్ఫా తోడేలు అనే మాట ప్రధానంగా 1947లో రుడాల్ఫ్ షెంకెల్ రాసిన పరిశోధన నుంచి వచ్చింది. ఆయన చూసింది స్విట్జర్లాండ్‌లోని బాజెల్ జూలో బోనుల్లో ఉన్న తోడేళ్ళని. ఒకదానితో ఒకటి సంబంధం లేని తోడేళ్ళని ఒకే చోట కుక్కితే కొట్టుకోక ఏం చేస్తాయి? తర్వాత డేవిడ్ మెక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1970లో రాసిన పుస్తకంతో ఆ మాట బాగా పాకింది. ఆయనే కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్ళని ఏళ్ళ తరబడి వేసవుల్లో దగ్గరగా చూసి, ఆ మాట తప్పుదారి పట్టిస్తోందని 1999లో పేపర్ రాశాడు. అడవిలో గుంపు అంటే చాలావరకు అమ్మ, నాన్న, పిల్లలు. మీరు ఆల్ఫా అంటున్నది ఇంటి పెద్ద. పిల్లలు నాన్న వెనక నడవక ఎవరి వెనక నడుస్తాయి?

ఇరానీచాయ్
అంటే ఆల్ఫా అన్నా అంకుల్ అన్నా ఒకటేనా అన్నా 😀

ఒంటరి_ధ్రువుడు
నల్లమల గారూ, తోడేలు ఉదాహరణ మాత్రమే. దాన్ని పట్టుకుని వేలాడితే ఎలా? రోజూ ఆఫీస్‌లో చూస్తున్నాం కదా, గట్టిగా మాట్లాడేవాడి మాటే చెల్లుతుంది.

అందుబాటు గురించి ఇంకో మాట. స్కిన్నర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ పావురాల మీద చేసిన ప్రయోగాలు చదవండి. 1957లో పుస్తకమే వేశారు. ముక్కుతో పొడిచినప్పుడల్లా గింజ పడితే పావురం తాపీగా పొడుస్తుంది. ఎప్పుడు పడుతుందో తెలియకపోతే ఆపకుండా పొడుస్తూనే ఉంటుంది. రిప్లైలు కూడా అంతే. ఒకసారి వెంటనే, ఒకసారి రాత్రికి, ఒకసారి అసలు ఇవ్వకుండా ఉంటే అవతలి మనిషి మన గురించే ఆలోచిస్తుంది.

చింతచిగురు
తోడేలు అయిపోయింది, ఇప్పుడు పావురమా?

ఆ పావురాన్ని నేనే. చెప్తా వినండి. రెండేళ్ళ క్రితం ఒకతనితో మాట్లాడేదాన్ని. మ్యాట్రిమొనీ సైట్ పరిచయం, ఇంట్లో కూడా తెలుసు. మంచిగా మాట్లాడుతూ ఉన్నట్టుండి మాయమయ్యేవాడు. ఒక శుక్రవారం "బండి మీద బయల్దేరుతున్నా, ఇంటికెళ్ళాక ఫోన్ చేస్తా" అన్నాడు. చెయ్యలేదు. ఆ రాత్రి పెద్ద వాన. నా మెసేజ్‌కి రెండు టిక్కులు పడ్డాయి, నీలం కాలేదు. శనివారం లేదు, ఆదివారం లేదు. సిగ్గు విడిచి వాళ్ళ చెల్లికి ఫోన్ చేస్తే, "అన్నయ్య ఇక్కడే ఉన్నాడు వదినా, క్రికెట్ చూస్తున్నాడు" అంది. తర్వాత అడిగితే "కొంచెం స్పేస్ మెయింటెయిన్ చేయాలని చదివాను" అన్నాడు.

నిజమే, మూడు రోజులు అతని గురించే ఆలోచించాను. ఏ హాస్పిటల్‌లో ఉన్నాడో అని. మీ స్కిన్నర్ గారి లెక్క ప్రకారం ప్రయోగం సక్సెస్.

పుల్లట్టు
వదినా అని పిలిచిన పిల్లకి ఏం సమాధానం చెప్పుకున్నాడో పాపం.

మామిడికాయ_పప్పు
మా కాలంలో కోచ్‌లు లేరు, పెళ్ళిళ్ళ పేరయ్య ఉండేవాడు. ఆయనా అబద్ధాలే చెప్పేవాడు కానీ జీఎస్టీ లేదు.

నల్లమల
ఒక సవరణ. పావురం ప్రయోగం వరకు నిజమే, కానీ గింజ ఆగిపోతే పావురం కూడా చివరికి పొడవడం మానేస్తుంది. ఆ భాగం కోర్సులో చెప్పినట్టు లేరు.

ఒంటరి_ధ్రువుడు
చింతచిగురు గారూ, అతను చేసింది తప్పే. సలహాని సరిగా వాడటం రాలేదు. కత్తితో కూర తరుగుతాం, చెయ్యీ కోసుకుంటాం, తప్పు కత్తిదా? అయినా ఒకరి వల్ల బాధ కలిగిందని నేర్చుకునేవాళ్ళందరినీ వెక్కిరించడం న్యాయం కాదు. అమ్మాయిలు పరీక్ష పెట్టడం కూడా నిజమే కదా. మొదటిసారి కాఫీకి వద్దంటారు, అది వద్దు కాదు. వీడు నిలబడతాడా, పారిపోతాడా అని చూస్తారు. మా కోచ్ దీని మీద ఒక క్లాస్ మొత్తం తీసుకున్నాడు.

చింతచిగురు
ఇదిగో, ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు.

నెగ్గింగ్, బ్లూ టిక్, తోడేలు, వీటన్నిటికీ నేనూ నవ్వుతాను. ఇది మాత్రం నవ్వులాట కాదు. పైన చెప్పింది ఒకతను. ఇది ఇంకొకతను, మా ఆఫీస్‌లోనే. కాఫీకి రమ్మన్నాడు, వద్దన్నాను. మర్యాదగా, స్పష్టంగా, "నాకు ఇష్టం లేదు, ఏమీ అనుకోకండి" అని. రెండు రోజులకి మళ్ళీ అడిగాడు. మళ్ళీ వద్దన్నాను, నవ్వాడు. మూడోసారి నా క్యాబ్ దగ్గర నిలబడ్డాడు. నేను క్యాబ్ రూట్ మార్పించుకున్నాను. ఎల్‌బీ నగర్ నుంచి గచ్చిబౌలికి వేరే బండి, రోజూ 25 నిమిషాలు ముందు లేవాలి. ఇప్పటికీ అలాగే లేస్తున్నా. ఆ 25 నిమిషాలు నువ్వు ఇస్తావా, మీ కోచ్ ఇస్తాడా?

ఒంటరి_ధ్రువుడు
నువ్వు అంటున్నారేంటి? నేను మిమ్మల్ని గారు అనే అంటున్నా. నేను ఎవరి క్యాబ్ దగ్గరా నిలబడలేదు. నన్ను వాడితో కలపొద్దు.

చింతచిగురు
గారు అనే అంటాను. ధ్రువుడు గారూ, అతను కూడా చెడ్డవాడిలా ఏం లేడండీ. పరీక్ష పాసవుతున్నా అనుకున్నాడు. వద్దు అనే మాటకి వద్దు అని కాక ఇంకో అర్థం ఉందని డబ్బులు తీసుకుని చెప్తే, ఆ తర్వాత నేను ఏ మాట వాడాలి? తెలుగులో అంతకంటే చిన్న మాట ఉందా?

ఇరానీచాయ్
అక్క కరెక్ట్ అడిగింది

నిమ్మసోడా
ధ్రువుడు బ్రో, రిప్లైకి రెట్టింపు సేపు ఆగుతున్నావా ఏంటి

ఒంటరి_ధ్రువుడు
ఆగడం లేదు. ఏం రాయాలో తెలియక కూర్చున్నా.

సరే, వివరంగా చెప్తా, మీరు నవ్వుకోండి. పదో తరగతి అయ్యాక నన్ను విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. అబ్బాయిల క్యాంపస్ వేరు, అమ్మాయిల క్యాంపస్ వేరు. ఉదయం ఐదింటికి లేపుతారు, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్. నెలకోసారి ఔటింగ్. మెడికల్ షాప్ దగ్గర అమ్మాయిల బస్సు వైపు చూశాడని మా పక్క రూమ్ వాడి నాన్నని పిలిపించారు. అవతల మనిషితో మాట్లాడటం కాదు, అటు తల తిప్పడమే నేరం. తర్వాత ఇంజినీరింగ్. క్లాసులో అమ్మాయిలు ఒకవైపు, మేం ఒకవైపు. 27 ఏళ్ళు వచ్చాక ఒకరోజు అమ్మ ఫోన్ చేసి "పెళ్ళిచూపులు, ఆ అమ్మాయితో విడిగా పది నిమిషాలు మాట్లాడాలి" అంది. ఏం మాట్లాడాలి? నేను "మీ హాబీస్ ఏంటి" అన్నాను. ఆ అమ్మాయి "ఏం లేవండి" అంది. మిగతా తొమ్మిది నిమిషాలు ఫ్యాన్ చప్పుడు.

అలా ఏడు సంబంధాలు. ఏడుగురూ వద్దన్నారు. ఎందుకని ఒక్కరూ చెప్పలేదు. మధ్యవర్తి ప్రతిసారీ "జాతకం కుదరలేదట బాబూ" అంటాడు. ఏడు జాతకాలూ కుదరవా? నాలో ఏం లోపమో చెప్పిన మొదటి మనిషి ఆ కోచ్. నీ నడక ఇలా ఉంది, నీ గొంతు ఇలా ఉంది, ఇది మార్చుకో అన్నాడు. తప్పో ఒప్పో, ఒక కారణం చెప్పాడు. దానికి నేను 10,000 అయినా కట్టేవాణ్ణి.

పుల్లట్టు
బ్రో, నా మొదటి పోస్ట్ నీ గురించి కాదు. నిజంగా కాదు. (మా రూమ్మేట్ గురించి, వాడు ఇంకా ఆంటీకి సారీ చెప్పలేదు.)

మామిడికాయ_పప్పు
ఆ కాలేజీల సంగతి నిజమే నాయనా. మా పిల్లాడినీ వేశాం. ర్యాంకు వచ్చింది, మాట పోయింది.

చింతచిగురు
ఇది మొదటే రాసి ఉంటే తోడేళ్ళ గొడవే ఉండేది కాదు.

కానీ ఒకటి చెప్పాలి, బాధపడకండి. ఆ కోచ్ చెప్పింది మీ కారణం కాదు. ఎవరు డబ్బు కట్టినా వాళ్ళకి అదే కారణం చెప్తాడు. ఆ ఏడుగురిలో ఒకరికి అమెరికా సంబంధం కావాలేమో, ఇంకొకరు అప్పటికే ఎవరినైనా ఇష్టపడుతున్నారేమో. పెళ్ళిచూపుల్లో నేనూ ముగ్గురిని వద్దన్నాను. అందులో ఒకతనిలో ఏ లోపమూ లేదు. నాకు ఆ రోజు పెళ్ళే వద్దనిపించింది, అంతే. మా ఇంట్లో ఏం చెప్పారో తెలుసా? జాతకం కుదరలేదని.

ఒంటరి_ధ్రువుడు
అతను కూడా ఇప్పటికీ ఎక్కడో కూర్చుని, నాలో ఏం లోపమో అనుకుంటూ ఉంటాడు. ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా.

చింతచిగురు
చెప్పే పద్ధతి మా ఇంట్లో లేదు. అడిగే పద్ధతి మీ ఇంట్లో ఉందా?

నల్లమల
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. పైన ఒకరు ఆల్ఫా అంటే అంకుల్ అన్నారు. ఆల్ఫా అంటే నాన్న, అంకుల్ కాదు.

ఒంటరి_ధ్రువుడు
నేను మొత్తం కోర్సు చెత్త అని ఒప్పుకోను. పరీక్ష క్లాస్ తీసేద్దాం, ఒప్పుకుంటున్నా. రెట్టింపు లెక్క కూడా తీసేద్దాం. ఆరో క్లాస్ మాత్రం బాగుంది. చొక్కా ఇస్త్రీ చేసుకోమన్నాడు, అవతలివాళ్ళు చెప్పేది పూర్తయ్యాక మాట్లాడమన్నాడు, అడిగిన ప్రశ్న గుర్తుపెట్టుకోమన్నాడు.

పుల్లట్టు
అవి మా అమ్మ ఉచితంగా చెప్పింది బ్రో.

ఒంటరి_ధ్రువుడు
మీ అమ్మ దగ్గర మీరున్నారు. నేను ఆదివారం సాయంత్రం ఫోన్ క్యూలో నిలబడేవాణ్ణి. మనిషికి మూడు నిమిషాలు. అందులో రెండు నిమిషాలు వీక్లీ టెస్ట్ మార్కులే.