వేర్‌హౌస్‌కి పంపే సరుకుకి కంపెనీ బార్‌కోడ్ చాలా, మన లేబుల్ అంటించాలా?

పచ్చళ్ళ సుభద్ర, గుంటూరు: ఆవకాయ, గోంగూర మొదటిసారి ఆన్‌లైన్‌లో పెడుతున్నాను. 200 సీసాలు వేర్‌హౌస్‌కి వెళ్ళాలి. సీసా మీద 890తో మొదలయ్యే బార్‌కోడ్ అచ్చయి ఉంది. అది చాలంటారు కొందరు, అమ్మేవాళ్ళ పేరు మీద వచ్చే లేబుల్ ప్రతి సీసాకీ అంటించమంటారు కొందరు. ఏం చేయను?

వన్‌టౌన్ హోల్‌సేల్, విజయవాడ: ఉన్న బార్‌కోడ్ చాలండి. నెలకి మూడు వేల పీసులు పంపుతాను. అన్నిటికీ అంటించాలంటే ఇద్దరు కుర్రాళ్ళు రెండు రోజులు అదే పని మీద కూర్చోవాలి. పైగా 890 ఉందంటే మన దేశపు సరుకే, టెన్షన్ అక్కర్లేదు.

లేబుల్ ప్రింటింగ్, గవర్నర్‌పేట: 890 అంటే ఆ నంబరు ఇచ్చింది జీఎస్1 ఇండియా, అంటే మన దేశంలో బార్‌కోడ్ నంబర్లు ఇచ్చే సంస్థ అని, అంతే. సరుకు ఎక్కడ తయారైందో అది చెప్పదు.

కొండపల్లి బొమ్మలు: వినకండి అక్కా. ఆ 13 అంకెలు వస్తువేమిటో చెబుతాయి, ఎవరు పంపారో చెప్పవు. ఒకే కోడ్‌తో నలుగురు పంపితే కొన్నిచోట్ల అంతా కలిపేసి, దగ్గర్లో ఏది ఉంటే అది పంపేవారు. పోయిన దసరాకి నా అంబారీ ఏనుగు ఒకటి వాపసు వచ్చింది. పెట్టె విప్పితే తెల్లపొణికి కర్ర కాదు, రంగేసిన ప్లాస్టిక్. తొండం దగ్గర అచ్చు అతుకు కూడా కనబడుతోంది. ఒక్క స్టార్ రేటింగ్ మాత్రం నా పేరు మీదే ఉంది.

వన్‌టౌన్ హోల్‌సేల్: 890 గురించి నేనన్నదాంట్లో తప్పేముంది? మన దేశపు నంబరే కదా?

లేబుల్ ప్రింటింగ్: నంబరు మన దేశానిదే, సరుకు కానక్కర్లేదు. సుభద్రగారూ, రిబ్బన్ లేని థర్మల్ లేబుల్, అంటే సిరా రిబ్బన్ లేకుండా వేడితోనే కాగితం మీద గీతలు వచ్చేది, వాడకండి. నూనె తగిలితే గీతలు వెలిసిపోతాయి, ఎండకి కాగితం నల్లబడుతుంది. పచ్చళ్ళకి రిబ్బన్ ప్రింటే వేయించండి.

వన్‌టౌన్ హోల్‌సేల్: బొమ్మలాయనా, అంటే హోల్‌సేల్ వాళ్ళమంతా నకిలీ సరుకు పంపుతామనా? ప్రతి పెట్టెకీ జీఎస్టీ బిల్లుంది నా దగ్గర!

కొండపల్లి బొమ్మలు: మిమ్మల్ని అనలేదు. మీరు అమ్మే సబ్బు ఎవరు పంపినా అదే సబ్బు. మారినా మీకు పోయేదేం లేదు. నేను నాలుగు రోజులు చెక్కి, ఆరబెట్టి, రంగులేసిన బొమ్మ బదులు ఇంకోటి వెళితే నా పేరు పోతుంది.

తెనాలి కుర్రాడు: ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

వన్‌టౌన్ హోల్‌సేల్: నా బాధ లేబుల్ కాదయ్యా. ఎవరి సరుకు వాళ్ళది విడిగా పెట్టడం గోడౌన్ నడిపేవాళ్ళ పని. దానికి అద్దె, ఫీజు తీసుకుంటూనే ఉన్నారు. ఆ పని మన కూలీలతో, మన స్టిక్కర్లతో ఎందుకు చేయాలి? పీసుకి రెండు రూపాయలు మిగిలే వ్యాపారం నాది.

కొండపల్లి బొమ్మలు: ఆ మాట నిజం, నేనూ ఒప్పుకుంటాను. కానీ వాళ్ళు చేసేదాకా నేను ఆగలేను. నాకు ఏడాదికి ఒక్కటే దసరా.

పచ్చళ్ళ సుభద్ర: నావి ఇంట్లో కలిపిన పచ్చళ్ళు. ఇంకొకరి సీసా నా పేరుతో వెళ్ళి, తిన్నవాళ్ళకి ఏమన్నా అయితే? లేబుల్ వేస్తున్నాను. గుండ్రటి సీసా మీద స్కాన్ అవుతుందా?

లేబుల్ ప్రింటింగ్: గీతలు నిచ్చెన మెట్లలా ఒకదాని కింద ఒకటి వచ్చేలా అంటించండి. పాత బార్‌కోడ్ పూర్తిగా మూసేయాలి, లేకపోతే స్కానర్ దాన్నే చదవొచ్చు. తయారీ తేదీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు మాత్రం మూయొద్దు.

వన్‌టౌన్ హోల్‌సేల్: అమ్మా, 200 సీసాలేగా, మా కుర్రాణ్ణి ఒక పూట పంపనా? నా మూడు వేలకి మాత్రం అంటించను.