లోపలి గేర్ల హబ్ మన రోడ్లకు పనికివస్తుందా?

ప్రశ్న (హనుమకొండ): నేను రోజూ కాజీపేటకు సైకిలు మీద వెళ్లి వస్తాను. బయటి గేర్ల సైకిలు వానాకాలం బురదకు గరగరలాడుతున్నది. వెనుక హబ్ (చక్రం నడిమి భాగం) లోపలే మూడు గేర్లుండే, స్టర్మీ ఆర్చర్ కంపెనీ ఏడబ్ల్యూ రకం హబ్ బిగించిన పాత సైకిలొకటి అమ్మకానికి వచ్చింది. కొనవచ్చునా?

మొదటి జవాబు (వరంగల్): వద్దనే నా సలహా. డీరైలర్ (బయటి గేర్లలో చైనును ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి జరిపే భాగం) చెడిపోతే మన సైకిలు షాపులో ఎవరైనా సరిచేస్తారు, కానీ ఈ హబ్ విప్పమంటే మేస్త్రీ చేతులెత్తేస్తాడు. పైగా అలాంటి హబ్‌తోనే మా బంధువు ఒకరు రెండో గేరులో వంతెన ఎక్కుతుండగా పెడలు ఒక్కసారిగా ఉత్తినే తిరిగి, మోకాలు హ్యాండిలుకు కొట్టుకున్నది. హబ్ అరిగిందని ఆ సైకిలును పాత ఇనుముకు వేసేశాడు.

రెండో జవాబు (కాజీపేట): అయ్యా, ఆ హబ్ అరిగి ఉండకపోవచ్చు. ఏడబ్ల్యూలో ఇరుసు మీద కదలకుండా ఉండే మధ్య చక్రానికి 20 పళ్లు, చుట్టూ కడియంలా ఉండే చక్రానికి లోపలివైపు 60 పళ్లు ఉంటాయి. ఈ రెండింటి నడుమ తిరిగే చిన్న చక్రాల గూడును చైను తిప్పి, కడియం హబ్‌ను తిప్పితే వేగం 1.33 రెట్లవుతుంది (మూడో గేరు), కడియాన్ని చైను తిప్పి, గూడు హబ్‌ను తిప్పితే 0.75 రెట్లకు తగ్గుతుంది (మొదటి గేరు). రెండో గేరులో చైను తిప్పినంతే చక్రం తిరుగుతుంది. ఈ రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్య ఏదీ పట్టని ఖాళీ స్థానమొకటి ఆ నిర్మాణంలోనే ఉన్నది కనుక, గేరు తీగ కొద్దిగా వదులైతే చాలు, పెడలు ఉత్తినే తిరుగుతుంది. గేరు లివరును రెండో గేరులో పెట్టి, కుడివైపు నట్టు రంధ్రంలోంచి చూడండి: చిన్న గొలుసు తగిలించిన కడ్డీ భుజం (కడ్డీ మందం మారే అంచు) ఇరుసు చివరతో సమానంగా ఉండాలి, లోపలికి పోతే తీగ బిగించాలి. అర నిమిషం పని.

ఈ హబ్ బరువు మాత్రం ఎక్కువే. ఇక పంక్చరైతే, మన పంక్చరు షాపుల్లో చక్రం ఊడదీయకుండానే ట్యూబు బయటికి లాగి అతుకు వేస్తారు కనుక రోజువారీ కష్టమేమీ లేదు. ట్యూబు మార్చాలంటేనే చక్రం ఊడదీయాలి, అదే చిక్కు. అప్పుడు ఇరుసు తిరగకుండా పట్టే వాషర్లను మరిచిపోకుండా తిరిగి వేయించుకోండి.

మొదటి జవాబు ఇచ్చినవారు: తీగ సంగతి ఒప్పుకుంటున్నాను. లోపల పాల్ (చక్రాన్ని ఒకవైపే పట్టే చిన్న కొక్కెం) స్ప్రింగు విరిగితే ఎవరి దగ్గరికి వెళ్లాలి? దానికి జవాబు రాలేదు.

రెండో జవాబు ఇచ్చినవారు: నేనే విప్పుకున్నాను, ఒక ఆదివారమంతా పట్టింది. అందరూ చేయగలరని అనను.

ప్రశ్న అడిగినవారు: నిన్న వెళ్లి చూశాను. హబ్ మీద 64 అని ముద్ర ఉన్నది, అంటే 1964 నాటిది. కడ్డీ భుజం లోపలికే ఉన్నది; తీగ బిగించాక మూడు గేర్లూ పట్టాయి. నూనె మూత మాత్రం ఊడిపోయింది, ఆ రంధ్రంలో పాత గుడ్డ పేలిక కుక్కి ఉన్నది. అందుకే అడిగిన ధరకు కాక, తగ్గించి ఇస్తేనే తీసుకుంటానన్నాను.