పాత కారు డిస్కు బ్రేకులు కీచుమంటే ముందు ప్యాడ్లు (డిస్కును రాసుకుని చక్రాన్ని ఆపే పలకలు) మార్చాలా, క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) విప్పి చూడాలా?

పాతబండి: మెల్లగా బ్రేకు వేస్తే ముందు ఎడమ చక్రం దగ్గర కీచుమంటోంది, గట్టిగా తొక్కితే ఆగిపోతోంది. మెకానిక్ ప్యాడ్లతో పాటు డిస్కులూ మార్చాలంటున్నారు. అది అవసరమేనా?

ఇరుసు: అవసరమే. చాలా ప్యాడ్లకు ఒక చిన్న ఇనుప రేకు ఉంటుంది. ప్యాడ్ అరిగి 2, 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికి అది డిస్కును రాసుకుని ఇలాగే కీచుమంటుంది. దాన్ని పట్టించుకోకపోతే ప్యాడ్ వెనుకున్న ఇనుప పలకే డిస్కును గీసేస్తుంది.

నట్టుబోల్టు: చక్రం విప్పకుండానే తీర్పు చెప్పేస్తే ఎలా? ఒక్క చక్రం దగ్గరే శబ్దం వస్తోందంటే నా అనుమానం క్యాలిపర్ గైడ్ పిన్నుల మీదే, అంటే క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఆధారమైన కడ్డీల మీద. గ్రీజు ఎండి పిన్ను బిగుసుకుంటే క్యాలిపర్ జరగదు, దాంతో ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ వైపున్న లోపలి ప్యాడ్ ఎక్కువగా అరుగుతుంది. నా కారుకు ఒక షాపులో ప్యాడ్లూ డిస్కులూ మార్చారు గానీ పిన్నులను ముట్టుకోలేదు. కొద్ది రోజులకే అదే శబ్దం మొదలైంది.

చినుకు: రాత్రి తడిస్తే డిస్కు మీద తుప్పు పొర కడుతుంది, నాలుగైదు సార్లు బ్రేకు వేస్తే పోతుంది. ఉదయం మాత్రమే వస్తోందా?

పాతబండి: లేదండీ, రోజంతా వస్తోంది.

ఇరుసు: నట్టుబోల్టు గారూ, నేను చెప్పిన రేకు సంగతికి మీరు జవాబివ్వలేదు.

నట్టుబోల్టు: ప్యాడ్ మందం ఎవరు కొలిచారు? డిస్కు ఎంతవరకు అరగవచ్చో సాధారణంగా దాని మీదే ముద్రించి ఉంటుంది. కొలవకుండా మార్చమనడం యజమాని డబ్బుతో చెలగాటమాడటమే.

ఇరుసు: మాటలు జాగ్రత్త. మీలాంటివారి సలహాలు చదివి ఇంట్లో బ్రేకులు విప్పినవారి బండ్లు చివరికి నా దగ్గరకే వస్తాయి. పిన్నులకు మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి అవి మరింత బిగుసుకుంటాయి. క్యాలిపర్‌ను బ్రేకు గొట్టానికే వేలాడదీసిన బండినీ చూశాను. ప్రాణాలతో ముడిపడిన పని ఇది.

నట్టుబోల్టు: ఇంట్లో విప్పమని నేను ఎక్కడ అన్నాను? యజమాని ఎదుట విప్పి, రెండు ప్యాడ్లూ పక్కపక్కన పెట్టి చూపమంటున్నాను. ఆ షాపులో పాత ప్యాడ్లు అడిగితే పారేశామన్నారు.

ఇరుసు: అరిగిన ప్యాడ్లు చూపడానికి నాకు అభ్యంతరం లేదు. పని జరిగే చోట మాత్రం ఎవరినీ నిలబడనివ్వను.

పాతబండి: నా ఎదుటే విప్పించాను. లోపలి ప్యాడ్ దాదాపు పలక దాకా అరిగింది, బయటిది సగానికి పైగా మిగిలింది. కింది పిన్ను చేత్తో కదలలేదు. డిస్కు మందం సరిపోయింది.

ఇరుసు: ప్యాడ్ అరిగిందనే కదా నేను మొదట చెప్పింది.

నట్టుబోల్టు: ఎందుకు అరిగిందో మీరు అడగలేదు. పాతబండి గారూ, కుడివైపు పిన్నులు కూడా తీయించి చూడండి, ప్యాడ్లు రెండు వైపులా మార్పించండి.