వెదురు, గాజు కలిపి చేసిన గోడ బొమ్మ మన ప్రాంతంలో నిలుస్తుందా?

ప్రశ్న (కావలి నుంచి):
మా హాలు గోడకు రెండడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పుతో ఒక బొమ్మ చేయించాలని ఉంది. పులికాట్ నీళ్లలో నిలబడిన ఫ్లెమింగోల మెడలూ కాళ్లూ వెదురు బద్దలతో, వెనుక నీరు నీలి గాజుతో ఉండాలి. నిరుడు ఇలాంటిదే చిన్నదొకటి కొంటే, ఆరు నెలలు తిరక్కముందే కింద సోఫా మీద రోజూ శనగపిండి లాంటి పొడి రాలడం మొదలైంది. రోహిణి కార్తెలో పడమటి గాలి తిరిగాక గాజు ఒక మూల పగిలింది. తప్పు పనితనానిదా, మా ఊరి ఉప్పు గాలిదా?

జవాబు (గిద్దలూరు నుంచి):
ఉప్పు గాలిని నిందించకండి, అది పుచ్చు పురుగు పని. వెదురులోని పిండి పదార్థమే దాని ఆహారం కనుక, మూడేళ్లు నిండిన బొంగును చలికాలంలో కొట్టి, కొన్ని వారాలు నీళ్లలో నానబెట్టి, నీడన ఆరబెట్టడం మొదటి జాగ్రత్త. ఆ తర్వాత పది లీటర్ల నీటికి 300 గ్రాముల వెలిగారం, 200 గ్రాముల బోరిక్ యాసిడ్ కలిపి బద్దలను ముంచాలి. బొంగు పైచర్మం మందును లోపలికి పోనివ్వదు కాబట్టి, చీల్చిన తర్వాత ముంచితేనే ఫలితం ఉంటుంది. వార్నిష్ చివరి పని. చాలామంది దాన్నే మందు అనుకుంటారు.

బద్దను మంట మీద కాచి వంచితే మెడ చక్కగా వస్తుంది కానీ కణుపు దగ్గర వంగదు, చిట్లుతుంది. అందువల్ల మెడకు కణుపుల మధ్య ముక్కను వాడి, కణుపు ఉన్న ముక్కను కాలికి ఉంచుకోండి. కాలి మధ్యలో మోకాలిలా కనిపించేది నిజానికి మడమ, అది వెనక్కి మడుస్తుంది. సరిగ్గా అక్కడ కణుపు పడితే వేరే చెక్కే పని ఉండదు. ముందుకు మడిచిన కాళ్లతో బొమ్మలు అమ్మేవారిని చాలామందిని చూశాను.

అన్నట్టు, 2017 చట్ట సవరణ తర్వాత అడవి బయట పెరిగిన వెదురును చట్టం చెట్టుగా లెక్కించదు కాబట్టి పొలం గట్టు వెదురు నిశ్చింతగా కొనవచ్చు. నల్లమలలో కొట్టుకొచ్చిందంటే మాత్రం వద్దు.

జవాబు (ఒంగోలు నుంచి, గాజు పని చేస్తాను):
పగులు సంగతి నేను చెబుతాను. ఎండిపోయే గాలికి వెదురు అడ్డంగా కుంచించుకుపోతుంది, గాజు కుంచించుకోదు. గాడిలో బిగించిన గాజును ఫ్రేము నొక్కేస్తుంది. చుట్టూ మూడు మిల్లీమీటర్ల సందు వదిలి, రబ్బరు పట్టీ మీద కూర్చోబెట్టండి. మీ కొలతకు నాలుగు మిల్లీమీటర్ల గాజు ఒక్కటే ఐదున్నర కిలోలు తూగుతుంది. ఒక్క మేకుకు వేలాడదీయకుండా, గోడలో ప్లగ్గులు దించి రెండు చోట్ల స్క్రూలు బిగించాలి. టఫెన్డ్ గాజును (వేడిచేసి గట్టిపరిచినది) తయారయ్యాక కోయడం కుదరదు, కొలత ముందే ఖాయం చేసుకోండి. గాజుకు బదులు వాడే అక్రిలిక్ ప్లాస్టిక్ బరువు సగమే అయినా, దుమ్ము గుడ్డతో తుడిచేకొద్దీ గీతలు పడుతుంది, నేనైతే వాడను.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. పాత బొమ్మను దించి చూస్తే, వెనుకవైపు గుండుసూది మొనంత రంధ్రాలు పదిహేడు ఉన్నాయి. గాజును నాలుగు వైపులా జిగురుతో అతికించారు. కొత్తదానికి వెదురు మార్గశిరంలోనే కొట్టిస్తాను.