వ్యాపారం ఛాన్స్ కంటపడేది పరిచయాల వల్లా, పనితనం వల్లా?

పాలకొల్లు_కుర్రాడు: గల్ఫ్ నుంచి వచ్చేశానండి. ఏసీ, ఫ్రిజ్ రిపేరు వచ్చు, ఇక్కడే ఏదైనా పెడదామని ఉంది. మీకు ఛాన్స్ ఎలా తగిలింది? ముద్రా లోన్ తీసుకున్నవాళ్లుంటే అదీ చెప్పండి.

భీమవరం_మోటార్లు: పనితనమే. నాది వైండింగ్ షాపు. వనామీ రొయ్య సాగు వచ్చాక ఎక్కడ చూసినా చెరువు నీటికి గాలి ఎక్కించే ఏరేటర్లే. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, సరిగ్గా అప్పుడు మోటారు కాలితే రొయ్య తేలిపోతుంది, షాపు తెరిచేదాకా రైతు ఆగలేడు. అందుకే రాత్రిపూట రిపేరు, స్పేర్ మోటారు అద్దెకి పెట్టాను. ఏ చుట్టమూ చెప్పలేదు.

అంబాజీపేట_కొబ్బరి: ఆ రైతులు మీ షాపుకే ఎందుకొచ్చారండి, ఎవరో చెప్పబట్టే కదా? మేం కొబ్బరి పొట్టు దిబ్బలుగా పోసి వదిలేసేవాళ్లం. కడియం నర్సరీలకి కోకోపీట్, అదే మొక్కలకి వేసే కొబ్బరి పొట్టు, ఎక్కడి నుంచో దిగుతోందని ఓ లారీ డ్రైవరు టీ తాగుతూ అన్నాడు. ఆయన చుట్టమూ కాదు, స్నేహితుడూ కాదు. ఇప్పుడు మాకు అదే ప్రధాన వ్యాపారం.

కడియం_నర్సరీ: కోకోపీట్ అన్నారు కాబట్టి అడుగుతున్నా, కడిగే అమ్ముతున్నారా? పొట్టులో ఉప్పుంటుంది, మంచినీళ్లతో కడగకపోతే ఆకు అంచులు మాడతాయి. పోయిన సీజన్‌లో ఒకడు అంటగట్టిన సరుకుతో మా గులాబీ అంట్లన్నీ పోయాయి.

అంబాజీపేట_కొబ్బరి: ఎవడో అమ్మినదానికి నన్నంటే ఊరుకోను. కడిగి, ఉప్పు ఎంతుందో తెలిపే ఈసీ మీటరు పెట్టి చూశాకే లోడు ఎత్తుతాం.

భీమవరం_మోటార్లు: కడగడం తెలియడమే పనితనం! డ్రైవరు మాట ఆ టీకొట్లో ఎంతమంది వినలేదు?

కాకినాడ_ఎంబీఏ: ఈ సబ్జెక్టు కాలేజీలో చెప్పేది నేనే, కాస్త వినండి. రోజూ కలిసేవాళ్లకి మనకు తెలిసిందే తెలుస్తుంది, కొత్త కబురు ముఖపరిచయస్తుల దగ్గరే ఉంటుందని సోషియాలజిస్టు గ్రానోవెటర్ 1973లోనే రాశాడు. ఎంఐటీలో పుట్టిన త్రీడీ ప్రింటింగ్ ఒక్కటే, దానిలో ఎనిమిది బృందాలకి వేర్వేరు వ్యాపారాలు కనిపించాయని 2000లో స్కాట్ షేన్ అనే పరిశోధకుడు చూపించాడు. ఎవరికి ముందే తెలిసిన పనిని బట్టి వాళ్లకి.

నరసాపురం_లేసు: కాలేజీ సంగతి సరే సార్, మా ఆడవాళ్ల అల్లికకి ఏం తక్కువ? బయట ఒక్కరూ తెలియకే కదా దళారి చెప్పిన రేటుకి ఇస్తున్నాం. మా తోడికోడలి అక్క హైదరాబాద్‌లో ఓ బొటీక్‌కి నంబరిచ్చాకే చేతికి నాలుగు డబ్బులొచ్చాయి.

భీమవరం_మోటార్లు: పాలకొల్లు తమ్ముడూ, ఐస్ ప్లాంట్ల వాళ్లని కలువు. రొయ్య పట్టుబడి రోజు కంప్రెసర్ ఆగితే వాళ్ల టెన్షన్ చూడాలి.

కడియం_నర్సరీ: ఈసీ ఎంత వస్తుందో మాత్రం చెప్పలేదు.

అంబాజీపేట_కొబ్బరి: మీ మీటరు పట్టుకుని రండి, మీరే కొలుచుకోండి.